కాలినడక వంతెన మీది దుండగుడి విషయమై

అయ్యా,

విషయం: సాయంత్రం షిఫ్టు ఆపరేటరు గారిని తిరిగి విధుల్లోకి తీసుకొనుట, నా నివేదికను చించివేయుట గురించి.

హైవే నియంత్రణ కేంద్రంలో లెక్కల ఇంజనీరునైన నేను సిగ్గుతో విన్నవించుకొనునది ఏమనగా:

1. హైవే మీద బండ్ల రాకపోకలను కాలువలో నీళ్ళలా లెక్కగట్టి, ఆ లెక్క తప్పితే నియంత్రణ వ్యవస్థపై దాడి జరిగినట్లు పసిగట్టే నమూనాను నేను తయారుచేసిన సంగతి తమరికి విదితమే. సదరు నమూనా ప్రకారము, వేగపరిమితి చూపే ఎలక్ట్రానిక్ బోర్డులు ఏ ఆదేశమూ చూపినట్లు రికార్డుల్లో లేకుండానే, రోజూ సాయంత్రం కాలినడక వంతెన దగ్గర బండ్లు నెమ్మదించుచున్నవి. కావున ఎవరో లోపలివారే బోర్డులను దొంగచాటుగా మార్చి, ఆనవాళ్ళు చెరిపేస్తున్నారని నివేదించితిని. ఆ వేళ డ్యూటీలో ఉండేది ఆపరేటరు గారే కనుక తమరు ఆమెను సస్పెండు చేసితిరి.

2. ఆమె వెళ్తూ, "సార్, ఒక్కసారి రోడ్డు దగ్గరికెళ్ళి చూసి రండి" అని బతిమాలారు. "లెక్క అబద్ధం చెప్పదమ్మా" అన్నాను. ఇప్పుడా మాట తలుచుకుంటే తల కొట్టేసినట్టుంది.

3. నిన్న అక్కడి సెన్సరు చూడవలసి వచ్చి స్వయంగా వెళ్ళితిని. వంతెన మీద ఒక పెద్దాయన ఎర్ర తువ్వాలును పైకెత్తి, మెల్లగా దించుతూ, "నెమ్మది, నెమ్మది" అని బండ్లకు సైగ చేస్తున్నారు. బండ్లన్నీ బుద్ధిగా వింటున్నాయి. సదరు వ్యక్తి రిటైరైన డ్రిల్లు మాస్టారు. మా నాన్నగారు.

4. "ఇదేం పని నాన్నా?" అంటే, "ముందే అందరూ కాస్త వేగం తగ్గిస్తే జామ్ అవ్వదని నువ్వే కదరా అన్నావు! బోర్డుల్ని ఎవడూ లెక్కచేయట్లేదని అన్నం సగంలో వదిలేసి లేచిపోయావు. నాకు చేతనైంది చేద్దామని..." అన్నారు. అయ్యా, ఎవరూ వినడం లేదనుకుని నేను గొణిగిన మాట అది.

5. ఆపరేటరు గారి ఇంటికి క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్ళాను. ఆమె తలుపు తీయలేదు. న్యాయమే.

కావున ఆమె సస్పెన్షను రద్దుచేసి, శిక్ష ఏదైనా నాకే విధించుటకు ఈ మొరను చిత్తగించవలెను.

ఇట్లు,
ఎదుటికొచ్చి చెప్పుకునే ముఖం లేని
తమ విధేయుడు,
లెక్కల ఇంజనీరు

తా.క.: "దుండగునికి ట్రాఫిక్ నడతపై మంచి అవగాహన, గొప్ప క్రమశిక్షణ ఉన్నట్లు తెలియుచున్నది" అని నా నివేదికలో ఒక వాక్యం ఉంది. నాన్నగారు దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. "నా గురించి నువ్వో మంచి మాట అనడం ఇదే మొదటిసారి రా" అన్నారు. నివేదికను చించేటప్పుడు ఆ ఒక్క పేజీ నాకు ఇప్పించండి.