గోడ మీది నా చేతిరాత

బోరమ్ అమ్మకు,

నేనూ అమ్మాయీ జబ్బు పడకుండా తిరుగుతున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గి ఉంటుందని, మా అమ్మ వేళకు అన్నం తింటోందని అనుకుంటున్నాను. ఫోన్లో నాకు మాటలు రావు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నువ్వు అడిగిన వాటికి జవాబు. కొత్త గదిలోకి శుభానికి రైస్‌కుక్కర్‌నే మొదట తీసుకెళ్లమన్నావు. తీసుకెళ్లాం కానీ దాన్ని పెట్టే చోటు లేక మంచం కింద తోశాం. ఎందుకో తరువాత రాస్తాను. నువ్వు కట్టిచ్చిన కిమ్చీ పచ్చడి చెడిపోలేదు. బోరమ్ తింటోందా అన్నావు. తింటోంది. మాట్లాడడమే తగ్గింది.

ఈ సియోల్ నాకు రోత పుట్టించింది. పదకొండు రోజుల్లో పద్నాలుగు గదులు చూశాం. సగం నేలలో దిగిన గదులే ఎక్కువ. కిటికీలోంచి జనం చెప్పులు కనిపిస్తాయి. ఒకచోట మేం చూస్తుండగానే కుక్క వచ్చి కిటికీ మీదికి కాలెత్తింది. మరుగుదొడ్డి గదికంటే రెండు మెట్లు ఎత్తులో ఉంది, మెడ వంచుకుని కూర్చోవాలి. గోడలకు కొత్త కాగితం అంటించి బూజు కప్పేశారు. సముద్రపు నాచు ఆరబెట్టే షెడ్డులో పాతికేళ్లు పనిచేసిన ముక్కుకు చెమ్మ తెలియదా? అంచు గోటితో లాగితే కింద నల్లగా ఉంది. బ్రోకరు నవ్వాడు.

"చెమ్మ లేని గది కావాలంటే మీ అమ్మాయి మంత్రి కూతురై పుట్టాలి పెద్దాయనా."

ఇంకో రకం గూళ్లున్నాయి. చేతులు చాస్తే రెండు గోడలూ తగులుతాయి. కిటికీ ఉంటే అద్దె పెంచుతారు.

బోరమ్ చేరిన కాలేజీ వెనక ఖాళీ స్థలంలో పిల్లలకు హాస్టల్ కట్టాలని తలపెట్టారు. మొదలుపెడితే మూడో ఏటికి బోరమ్‌కు అందులో చోటు దొరకవచ్చు. కానీ అది వస్తే అద్దెలు పడిపోతాయని చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వీధి పొడవునా బ్యానర్లు కట్టారు. 'హాస్టల్ వద్దు, మేమూ బతకాలి' అని. బోరమ్ అది చదివి, "మూడు మేడలున్నవాళ్లు కూడా బతకాలిగా నాన్నా, పాపం" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నీకు చెప్పకుండా దాచినది ఇక రాస్తాను.

పదిహేనో గది ప్యో అనే ఆవిడది. మూడో అంతస్తు, దక్షిణం కిటికీ, గోడలు పొడిగా ఉన్నాయి. బోరమ్ ఆ రోజు కాలేజీలో ఉంది, నేనొక్కడినే వెళ్లాను. ఆవిడ బేరిపండు కోసి పెట్టింది. అద్దె తగ్గిస్తాననీ, బదులుగా చిన్న సాయం చేయమనీ అడిగింది. హాస్టల్ వద్దని ఇళ్లవాళ్లు అంటే వార్డు ఆఫీసు వినడం లేదట. చదువుకునే పిల్లల తల్లిదండ్రులు అంటే వింటారట. హాస్టల్ వద్దనేవాళ్ల జాబితా నా ముందు పెట్టి, పేరు రాసి ముద్ర వేయమంది. వేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. పక్కన నేను రాసిన నా పేరు చూసి ఆవిడ, "అబ్బ, ఏం చేతిరాతండీ బోరమ్ నాన్నగారూ. ఎక్కడ చదువుకున్నారు?" అంది.

నాలుగో తరగతితో బడి మానేసి, రోజూ లెక్కలు రాసుకుంటూ అక్షరం కుదుర్చుకున్నవాణ్ణి నేను. నన్ను ఇంతవరకు ఆ మాట ఎవరూ అడగలేదు. ఆవిడ చెబుతుంటే పెద్ద కాగితం మీద కుంచెతో నేనే రాసిచ్చాను. 'వందలమంది ఒకేచోట ఉంటే ఆడపిల్లలు చెడిపోతారు. ఇంటివాళ్ల కళ్లెదుట ఉండే గదులే మాకు ధైర్యం. ఇట్లు, ఒక విద్యార్థిని తండ్రి.' ఇంకో కాగితం కూడా రాసేవాణ్ణే, ఆవిడ అడిగి ఉంటే.

మూడో రోజు అది కాలేజీ గేటు ఎదురు గోడ మీద ఉంది. నేనూ బోరమ్ బస్సు దిగేసరికి తన తరగతి పిల్ల హేరాంగ్ ఎదురైంది. హేరాంగ్‌ది కిటికీ లేని గూడు. ఆ పిల్ల కాగితం పైకి చదివి, "ఈ తండ్రి ఎవరో ఒక్క రాత్రి మా గదిలో పడుకోవాలి" అంది. ఇద్దరూ నవ్వుతారనుకున్నాను. బోరమ్ నవ్వలేదు. చిన్నప్పటి నుంచి చూసిన రాత. ఒక్కసారి నా వైపు చూసి తల తిప్పుకుంది. హేరాంగ్ నన్ను చూపించి, "ఈయన ఎవరే?" అని అడిగితే, "మా ఊరాయన" అంది.

సాయంత్రం ప్యో గది సంగతంతా చెబితే ఒకే మాట అంది. "ఆ గదిలో నాకు నిద్ర పట్టదు నాన్నా. నువ్వు కావాలంటే ఉండు."

మరునాడు ప్యో దగ్గరికి వెళ్లి నా కాగితం తీసేయమన్నాను. "కాగితంతోపాటు గది కూడా పోతుంది. ఆలోచించుకోండి" అని బేరిపండు తొక్క తీస్తూనే ఉంది. వార్డు ఆఫీసుకు వెళ్లి జాబితాలో నా పేరు కొట్టేయించాను. తరువాత ఇంకో కాగితం రాశాను. 'పక్కనున్నది రాసింది నేనే. గది కోసం అబద్ధం రాశాను. పిల్లలకు హాస్టల్ కావాలి.' కింద నా పేరు, ఊరు పెట్టాను. బోరమ్‌కు చూపించాను. చాలాసేపు చదివింది. గోడకు అంటిస్తుంటే కింది అంచు పట్టుకుంది.

ఇప్పుడు హేరాంగ్ ఉన్న మేడలోనే, ఆ పిల్ల పక్క గూట్లో బోరమ్ ఉంటోంది. తలుపు వేస్తే ఊపిరాడదని తెరిచి పెట్టుకుని చదువుకుంటోంది. నేను బయట నడవాలో కూర్చుని ఇది రాస్తున్నాను. నా మీద నాకు కలిగిన రోత ఇంకా పోలేదు. నీకూ కలిగితే దాచుకోకు, రాయి.

ఇది ఆడపిల్లల అంతస్తు, మగవాళ్లు రాకూడదని మేనేజరమ్మ రెండుసార్లు వచ్చి కసురుకుంది. మూడోసారి, "ఎవరయ్యా నువ్వు?" అని గట్టిగా అడిగింది. నేను లేవబోయాను. లోపలినుంచి పుస్తకం మీద తల ఎత్తకుండానే బోరమ్ జవాబు చెప్పింది.

"మా నాన్న."

ఇట్లు,
బోరమ్ నాన్న