పదింటిదాకా ఆగమనే బడి

అమ్మాయీ, నేనూ నీ కూతురూ క్షేమం.

నేను దారి తప్పి బడుల గేట్ల దగ్గర తిరుగుతున్నానని నీ పిన్ని నీకు రాసిందట. నేను దారి తప్పలేదు. మన పేటలోని మూడు ప్రభుత్వ బాలబడులకూ ముందుగా చెప్పకుండా వెళ్లి, ఒక్కోదానిలో ఒక్కో పూట కూర్చున్నాను. పాత బడిలో బట్టలు తడుపుకుని నవ్వులపాలైన నాటి నుంచి నీ కూతురు బడి మాటెత్తితే మంచం కింద దూరుతోంది. అందుకే చూడవలసిందేదో అదే చూశాను.

అల్లుడుగారు మెచ్చిన రంగుల గోడల బడిలో ఒక చిన్నది చిటికెన వేలు చూపించింది. "పదింటికి అందరూ ఒకేసారి వెళ్లాలి, కూర్చో" అంది టీచరు.

"మీకూ పదింటికేనా అమ్మా?" అని అడిగాను. ఆమెకు నవ్వు రాలేదు.

రెండో బడిలో ఆయా మరుగుదొడ్డి తాళంచెవి తెచ్చేదాకా ఆగాలి. తపాలా కార్యాలయం వెనకనున్న మూడో బడి కప్పుకు అతుకులున్నాయి, ఆటవస్తువులు అంతంత మాత్రం. కానీ మరుగుదొడ్డి గడియ పిల్లల చేతికి అందే ఎత్తులో బిగించారు. ఎవరికి వారే వెళ్లి వస్తున్నారు. "అడగడమెందుకమ్మా, వాళ్ల అవసరం వాళ్లకి తెలీదూ?" అంది అక్కడి ఆయా.

పిల్ల టీకాల పుస్తకం నీ పెట్టెలో ఉంటే వెంటనే పంపు. నీ దగ్గు తగ్గిందా? మందు మధ్యలో మానకు.

నీకూ అల్లుడుగారికీ నా ఆశీస్సులు. రంగుల గోడల బడికని ఆయన నింపి పంపిన దరఖాస్తు నేను ఇవ్వలేదు. మీ జవాబు కోసం ఆగకుండా, నిన్ననే సంరక్షకురాలిగా సంతకం పెట్టి పిల్లను మూడో బడిలో చేర్పించాను.

మీ అమ్మ