ట్రిప్ మీటరులో ముప్పై ఎనిమిది

నవంబరు 1998, ఆదివారం

అన్న పోయిన రెండేళ్లకు ఆయన పాత బండి మీటర్లు బాగుచేయించడానికి ఇచ్చాను. ఈ రోజు మెకానిక్ యాదయ్య అద్దం తుడవగానే ఆ ఒక్క ప్రయాణంలో తిరిగిన దూరం చూపే ట్రిప్ మీటరు కనిపించింది. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు.

పోయిన రోజు ఉదయం అన్న నా ముందే దాన్ని సున్నాకు తిప్పి, "మణికొండ పోయొస్త" అని బయల్దేరాడు. ఆ దారిలోనే ఒక మలుపు దగ్గర లారీ గుద్దింది. ఇంటి నుంచి ఆ మలుపు ఐదు కిలోమీటర్లు కూడా ఉండదు, మణికొండకు రానుపోను కలిపినా ముప్పై ఎనిమిది రాదు.

"గిది జీరో చెయ్యాల్నా సార్?" అన్నాడు యాదయ్య.

వదిన షాపు లోపలికి వస్తోంది. గబగబా నేనే తిప్పేశాను.

"ఎంత తిరిగిండు ఆ రోజు?" అంది వదిన.

"చూడలేదు వదినా."

మిగతా దూరం అన్న ఎక్కడికి వెళ్లాడో తెలిపే గుర్తు అదొక్కటే. దాన్ని చెరిపేసింది నేనే.