గేటు దగ్గరి ప్రార్థన

అన్నయ్యా, నీకూ వదినకూ వందనాలు.

ఫోన్ చేస్తే దగ్గు మాట్లాడనివ్వడం లేదు, అందుకే వాట్సాప్‌లో రాస్తున్నాను. నా నుదుట ప్రార్థన నూనె రాయడానికి విజయనగరంలో రైలెక్కుతున్నానన్నావు. దయచేసి ఎక్కకు.

నువ్వూ పాస్టరువే కాబట్టి, మా రాయపూర్ పాస్టరు జెకర్యా గారు చర్చికి తాళం వేశారని తెగ తిట్టావు. పోయిన నెల మా అత్తయ్యకు కరోనా వచ్చినప్పుడు ఆయన తెలీబంధా పేట నుంచి రోజూ ఎండలో సైకిల్ మీద వచ్చేవారు. మందులు గేటుకు తగిలించి, అక్కడే నిలబడి ఇంటి వైపు చెయ్యి చాచి ప్రార్థన చేసేవారు. ఒకరోజు అత్తయ్య కిటికీలోంచి అరిచింది.

"ఏటి పాస్టరు గారూ, నా నెత్తి మీద చెయ్యెట్టడానికి భయమేటి?"

"భయమేనమ్మా. ఇదే చెయ్యి ఇంకో ఇంట్లో ఇంకొకరి నెత్తి మీద పెట్టాలి కదా!"

అత్తయ్య అలిగి ఆయనతో మాట్లాడటం మానేసింది. ఆయన మాత్రం రావడం మానలేదు. జ్వరం ఉన్న ప్రతి ఇంటి గేటు దగ్గరా అలాగే నిలబడ్డారట. అలాంటి మనిషిని నేను చూడలేదన్నయ్యా.

నిన్న నాకు జ్వరం పెరిగింది. ఇప్పుడు కోలుకున్న అత్తయ్య గంజి తెచ్చి గుమ్మంలో పెట్టింది. దూరంగా జరిగి, నా వైపు చెయ్యి చాచి కళ్లు మూసుకుంది.

నువ్వూ అక్కడి నుంచే చెయ్యి చాచు. నాకు అందుతుంది.

నీ చెల్లి