ఎడమవైపు కింద నల్లమచ్చ

డాక్టరమ్మ గారికి నమస్కారాలు.

మీ దగ్గర ఊపిరితిత్తులకు వైద్యం చేయించుకుంటున్న ఆయన భార్యను. పోల్చి చూడటానికి జబ్బు లేని మనిషి కొలత కూడా కావాలని మీరడిగితే, పోయిన వారం నేనూ గాలి ఎక్కడిదాకా చేరుతుందో చూపించే జెనాన్ గ్యాసును సంచిలోంచి పీల్చి ఆ స్కానింగ్ గొట్టంలో పడుకున్నాను. మూడుసార్లు తీసినా, ఎడమవైపు కింద గాలి చేరని చోటు నల్లగా కనబడింది.

"మధ్యలో ఊపిరి వదిలేశారా అమ్మా?" అని మీరడిగారు.

"అవునండీ, భయమేసింది" అన్నాను.

అది అబద్ధం. సంచి మొత్తం పీల్చి, మూడుసార్లూ పదిహేను లెక్కపెట్టేదాకా బిగబట్టాను. ఇంట్లో ఆయన మందు వేళలన్నీ నిమిషాలతో సహా రాసుకునే మనిషిని, లెక్క తప్పను. కానీ ఆయన్ను లేపి కూర్చోబెట్టేది నేనొక్కదాన్నే. నేనూ మంచాన పడితే మాకు దిక్కెవరు? ఇంకా ఆ గొట్టంలోనే ఉన్నట్టుంది నాకు.

నిన్న మీరు, ఊపిరి వదిలేయడం వల్ల పడే మచ్చలను కంప్యూటరే చెరిపేసేలా నా స్కానింగ్ బొమ్మలతో దానికి నేర్పిస్తున్నామన్నారు. నా మాట నమ్మి అది రేపు ఎవరి నిజం మచ్చనో చెరిపేస్తుంది. ఆయనదే కావచ్చు.

నా బొమ్మలు ఆ పనికి వాడకండి. శుక్రవారం మందులకు నేనే వస్తాను. పరీక్షకు మళ్ళీ ఎప్పుడు రావాలో మందుల చీటీ వెనక రాసివ్వండి. ఇంటికి ఫోను మాత్రం చేయకండి, అది ఆయన తలగడ పక్కనే ఉంటుంది. "ఇంట్లో ఒకరికైనా ఊపిరి సవ్యంగా ఉంది, బతికిపోయాం" అని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నారు.

ఇట్లు,
జబ్బు లేని మనిషి అని మీరు రాసుకున్న ఆమె