చెత్తలో పడ్డ నలభై మూడు పేర్లు

6 జూన్ 2016, సోమవారం

కట్టు వేసి పదకొండో రోజు. మోకాలి నుంచి పాదం దాకా పిండికట్టు. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. నరసన్నపేట బస్సు మెట్టు మీద జారినవాణ్ణి తెచ్చి శ్రీకాకుళంలో ఈ గదిలో పడేశారు. కిటికీలోంచి ఒక ట్రాన్స్‌ఫార్మరు, దాని మీద ఒక కాకి. కాకి కావాలంటే ఎగిరిపోగలదు.

హరిబాబు పని తెచ్చాడు. ఒకప్పుడు నా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో హయ్యర్ పాసైన శిష్యుడు, ఇప్పుడు తాసీల్దారు ఆఫీసులో కాంట్రాక్టు గుమస్తా. రేవు ఊరిని సముద్రం తినేస్తోంది కదా, అక్కడివాళ్లకి ఎగువన ఇళ్లస్థలాలిస్తారట. రెండొందల యాభై నాలుగు కుటుంబాలు, కుటుంబానికొక పొడుగాటి లైను. పేరు, భర్తో తండ్రో, వయసు, ఇంటి నంబరు, కార్డు నంబరు. కోసి ఐదు గళ్లలో పెట్టాలి. మాస్టారూ, మీరు పైథాన్ నేర్సుకున్నారు కదా, బుధవారానికి ఇచ్చేయండి అన్నాడు. అరవై ఏడో ఏట యూట్యూబ్ చూసి నేర్చుకున్న కంప్యూటరు విద్య. చేతకాదనడానికి నోరు రాలేదు.

7 జూన్, ఉదయం 11

\W+ దగ్గర కోయమని కంప్యూటరుకి చెప్పాను. అంటే అక్షరం కానిది ఎక్కడ కనిపిస్తే అక్కడ. ఈ యంత్రం లెక్కలో దీర్ఘాలూ కొమ్ములూ అక్షరాలు కావట! పోతురాజు కాస్తా ప, త, ర, జ అయి పడ్డాడు. మా ఆవిడ కూర్మమ్మకి చూపిస్తే, ఆడికి తిండెట్టి సాన్నాళ్లయినట్టుందే అంది.

సాయంత్రం

[,;@]

ఇక ఈ మూడింటి దగ్గరే కోత. లిస్టు కొట్టినవాడు కామాకి బదులు కొన్నిచోట్ల సెమికోలన్, కొన్నిచోట్ల @ కొట్టాడు. నలభై ఏళ్లు టైపు నేర్పినవాణ్ణి, వేలు జారితే నాకు తెలీదా? 1979లో ఒకడు అర్జీ నిండా ఫుల్‌స్టాపుల బదులు కామాలే కొట్టి, ఎగ్జామినర్‌తో వాదించి మరీ పాసయ్యాడు. వాడి సంగతి ఇంకోసారి.

నలభై మూడు లైన్లకి ఐదు బదులు ఆరేసి ముక్కలొచ్చాయి. వాటిని వేరే డబ్బాలోకి తోసి, దానికి chetta అని పేరు పెట్టాను. తర్వాత చూద్దాం.

8 జూన్

పంపేశాను. చెత్త సంగతి మరిచిపోయాను.

అబద్ధం. గుర్తుంది. హరిబాబు అడగలేదు, నేను చెప్పలేదు. మాస్టారంటే మాస్టారే అన్నాడు ఫోనులో.

13 జూన్

లిస్టు రేవులో అంటించారు. చర్చివీధి మొత్తం లేదట.

14 జూన్

హరిబాబు ఫోను. చర్చివీధివాళ్లు చుట్టుముట్టారట. పాస్టరు కృపానిధిగారు నెమ్మదిగానే అడిగారట, మా వీధి ఒక్కటీ ఎలా పోయింది బాబూ అని. వెనకున్న ఆడవాళ్లకి అంత నెమ్మది లేదట: ఒరే, సర్చికెల్తే సముద్రం మా ఇల్లు తినదేటి? హరిబాబే కావాలని పేర్లు కొట్టేశాడని పిటిషను పెట్టారు. ఉద్యోగం పోతాది మాస్టారూ అని ఏడ్చాడు. అభ్యంతరాలకి గడువు శుక్రవారం.

ఫోను చెవి దగ్గర ఉండగానే చెత్త తెరిచాను. మరిడమ్మ @ రూబీ. పోతురాజు @ విక్టర్. గున్నమ్మ @ లీలారాణి. రేషన్ కార్డులో ఒక పేరు, బాప్తిస్మంలో ఇంకొకటి. మనిషి ఒకరేనని గుమస్తాలు మధ్యలో @ పెడతారు. ఎవడి వేలూ జారలేదు. జారింది నేను.

చెబుదామనుకున్నాను. సరే చూద్దాంలే అని ఫోను పెట్టేశాను. హరిబాబు ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు.

15 జూన్

కాకి రాలేదు. ట్రాన్స్‌ఫార్మరూ నేనూ.

16 జూన్, మధ్యాహ్నం 3

పని చేసింది మాస్టారని హరిబాబు చెప్పాడట. మరిడమ్మ వచ్చింది. చేపల గంపతో రెండంతస్తులూ ఎక్కి, గుమ్మంలో దించి, ఆయాసం తీరాక చెప్పింది. భర్త ఎల్లాజీ మూడేళ్ల కిందట వేటకెళ్లి తిరిగి రాలేదు. మొన్న అమావాస్యకి వంటగది అలల్లో పోయింది. ఇక ఉన్నది ఒక గది. నేనేటి సేసేనని తీసేసినారు బాబూ?

చెప్పేశాను. స్క్రీను కూడా చూపించాను. ఐదో తరగతి చదివిందట, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివింది. సెత్త... ఈ పేరు మీరెట్టిందేనా? అవునన్నాను. సేపలు కడిగిన నీళ్లు పారబోసినపుడు కూడా ఓపాలి సెయ్యెట్టి ఎతుకుతాం బాబూ, సిన్నసేపేదైనా ఉండిపోయుంటాదేమోనని. మీరు సెయ్యెట్టలేదేటి?

ఉత్తరం రాసిస్తానన్నాను. కాయితాన్ని మడిసెట్టేస్తారు, మనిసొస్తే మడవలేరు, ఆఫీసుకి మీరే రండి అంది. నా కాలు చూపించాను. ఆమె నా ప్లాస్టిక్ కుర్చీ వైపు చూసింది.

17 జూన్

పొద్దున్నే చర్చివీధి నుంచి నలుగురు వచ్చారు, విక్టర్ ముందు. కుర్చీతో సహా ఎత్తారు. నెమ్మదిగా దించండర్రా, ఆయనకింకా టైముంది అంది కూర్మమ్మ. మెట్ల మలుపులో నలుగురూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆఫీసరు ముందు చెప్పాను. తప్పు నాది, హరిబాబుకి తెలీదు, ఎవరూ కావాలని తీసెయ్యలేదు, నేను చూడలేదంతే. సంతకం పెట్టమన్నారు, సోములు అని పెట్టాను. నలభై మూడూ చేరుస్తామని ఆ కాగితం కిందే రాశారు. హరిబాబు స్టాంపు వేశాడు. నా మొహం చూడలేదు.

మళ్లీ మోసుకొచ్చి ఈ గదిలోనే దించారు.

20 జూన్

కొత్త లిస్టు అంటించారు. రెండొందల యాభై నాలుగు. మరిడమ్మ నాలుగు నెత్తళ్లు పంపింది, చిన్నచేపలే, ఒక కబురుతో. చర్చివీధిలో ఇప్పుడు నాకూ రెండో పేరుందట.

సోములు @ చెత్తబుట్ట.

కోయకుండా రాశాను.