వోయ్కాన్ పక్క కుర్చీ

పొజారెవాత్స్,
ఆదివారం.

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ కోడలు దెసాంక నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. మీ మనవరాలు నెవేనకు జలుబు తగ్గింది, మీ అబ్బాయి వేళకు తింటున్నాడు, నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. వియెన్నాలో మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఆ బడి మెట్లు తుడిచే పని ఇంకెవరికైనా అప్పగించమని పోయిన ఉత్తరంలోనే రాశాను. మీరు వినరు. మీ ఇంట్లో ఒకరి మాట ఒకరు వినే అలవాటు ఎవరికీ లేదు.

మీరు అడిగినవాటికి జవాబులు చెప్తాను, కోపం తెచ్చుకోకండి. తెచ్చుకున్నా సరే, నా కోపం ముందు అది ఏపాటిది?

"నా కొడుకు జేబులో కాఫీకి చిల్లర కూడా లేకుండా చేశావట" అని రాశారు. చేశాను. జూదం మాన్పించే డాక్టర్ ఒలివేరా చెప్పింది, మీ అబ్బాయే ఒప్పుకుని సంతకం పెట్టాడు. జీతం నా ఖాతాలో పడుతుంది. కాఫీ ఫ్లాస్కులో పోసి పంపిస్తాను. ఫ్యాక్టరీకి మ్లావా నది ఒడ్డు దారిన వెళ్తాడు, ఎందుకంటే బజారు దారిలో రొట్టెల కొట్లకన్నా పందేల దుకాణాలే ఎక్కువ. లోపల వెచ్చగా ఉంటుంది, కాఫీ ఊరికే ఇస్తారు, ఆకలేస్తే శాండ్‌విచ్ కూడా ఇస్తారు. నెవేన సంగీతం బడికి సరిగ్గా ఎదురుగా ఒకటి తెరిచారు. నేను వెళ్లి అడిగితే, "అన్నీ చట్టప్రకారమే ఉన్నాయమ్మా" అన్నాడు పురపాలక సంఘంలో ఒక పెద్దమనిషి. పిల్లల బడి ముందు రులెట్ జూదం మెషిన్లు పెట్టినవాడికి సిగ్గు లేదు, మొగుణ్ణి వైద్యానికి తీసుకెళ్లిన నేను మాత్రం సిగ్గుపడాలి!

"కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది, ఇంటి గుట్టు పదిమందిలో పెట్టావు" అన్నారు. ఆ పద్ధతి మీకు తెలియనిది కాదు. మీ తమ్ముడు తాగుడు మాన్పించే క్లబ్బుకి వెళ్లినప్పుడు మీ మరదలు పక్కన కూర్చోలేదా? ఇదీ అంతే, జూదం మానాలనుకునేవాళ్ల క్లబ్బు. జబ్బున్నవాడు ఒక్కడే వస్తే తలుపు దగ్గరే ఆపేస్తారు. ఇంటి మనిషి ఒకరు పక్క కుర్చీలో ఉండాలి. వాడు చెప్పింది నిజమో కాదో ఆ మనిషి అందరి ముందూ చెప్పాలి. తాగుబోతు తమ్ముడికి పనికొచ్చిన మందు కొడుక్కి వచ్చేసరికి పరువుతక్కువ అయిందా?

అక్కడ ఏం చేస్తారని అడిగారు. మాట్లాడతారు. ఆట మీదికి మనసు ఎప్పుడు పోయింది, దానికి ముందు ఏం జరిగింది, ఎవరితో గొడవ పడ్డాడు, అన్నీ తవ్వి తీస్తారు. ఆడాలన్న ఆత్రం పాలపొంగులాంటిదట, ఆ కాసేపు ఇంకేదైనా పనిలో పడితే దానంతటదే దిగిపోతుందట. ఒకసారి చెదోమిర్ మాస్టారు, ఆటలో సొంత ఇల్లు పోగొట్టుకున్న ముసలాయన, పాత స్నేహితుడి వేషం కట్టాడు.

"ఏరా వోయ్కాన్, ఒక్క ఆటేరా! పెళ్లామంటే అంత భయమా?"

ఈయన వద్దనాలి, అంతే. మాస్టారి ముఖం చూసి, "ఇంకెప్పుడైనా వస్తాలెండి" అన్నాడు. గదంతా గొల్లున నవ్వింది.

"ఇంకెప్పుడైనా అంటే వాడు రేపే వస్తాడు నాయనా! వద్దంటే వద్దను!" అని మాస్టారు మళ్లీ మొదలెట్టించాడు. చివరికి అన్నాడు. ఆ సాయంత్రం ఇంటిదాకా "వద్దు, వద్దు" అని గొణుక్కుంటూనే నడిచాడు. నేను పెళ్లి చేసుకున్న మనిషి చాలా ఏళ్లకు మళ్లీ కనిపించాడు, అత్తయ్యా. ఎంత సంతోషించానో మీకెలా చెప్పను!

మఠానికి తీసుకెళ్లి ఒట్టు వేయించమన్నారు. నిరుడు వేసవిలో మీరే తీసుకెళ్లారు కదా. సాధువు ముందు మోకరిల్లాడు, పటాన్ని ముద్దుపెట్టుకున్నాడు, చీకటిపడేలోగా మెషిన్ ముందు కూర్చున్నాడు. ఎందుకని డాక్టర్ అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఒట్టు వేశాను కదా, మెచ్చి దేవుడు ఈ ఒక్కసారి గెలిపిస్తాడనుకున్నాను." ఆ బుర్రకి ఒట్లతో వైద్యం జరగదు.

ఇక అసలు సంగతి. ఇంతసేపూ నానుస్తూ వచ్చింది దీన్నే.

మన ఇలవేల్పు సాధువు దిమిత్రి పండగనాడు, వియెన్నా బస్సు నడిపే మీలే భోజనానికి వచ్చాడు. అందరి ముందూ నవ్వుతూ, "ఏం వదినా, వియెన్నా కాఫీ మాకు పెట్టవా? మీ ఆయన చేతికే ఇచ్చాను కదా!" అన్నాడు. మీ అబ్బాయి లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు. అతిథులు వెళ్లాక కూర్చోబెట్టి అడిగాను. కాఫీ పొట్లంలో మీరు నోట్లు దాచి పంపారు. "నీ పెళ్లానికి చెప్పకురా, నీ సరదాకి ఉంచుకో" అని ఫోనులో చెప్పారు. అవునా, కాదా?

ఆ సరదా ఎలా తీరిందో చెప్తాను. ఆ వారం నెవేనను సంగీతం బడి నుంచి తీసుకురావాల్సింది ఆయనే. పిల్ల అకార్డియన్ వీపున మోసుకుని వానలో గేటు దగ్గర నిలబడింది. తండ్రి రోడ్డుకి అవతల, అద్దాల వెనక ఉన్నాడు. "నాన్న కనిపిస్తూనే ఉన్నాడమ్మా, పిలిచినా చూడలేదు" అంది. వసంతం నుంచి నేను ఒక్కో ఇటుకా పేర్చి కట్టుకున్నది మీరు ఒక్క పొట్లంతో కూల్చేశారు. కంచే చేను మేస్తే నేనెంత కాపలా కాసి ఏం లాభం?

గురువారం క్లబ్బులో ఆడానని ఒప్పుకున్నాడు. డబ్బెక్కడిదంటే మాత్రం, అంతా తెలిసిన నేను పక్కనే ఉన్నా, "పాత స్నేహితుడెవరో బాకీ తీర్చాడు" అన్నాడు. డాక్టర్ నా వైపు తిరిగింది. "అంతేనంటారా, దెసాంకా?"

నేను మీ పేరు చెప్పాను. అందరి ముందూ చెప్పాను. మీకు బాధ కలిగితే నాకూ బాధే, కానీ మళ్లీ అడిగితే మళ్లీ చెప్తాను.

మీ అబ్బాయి లేచి నిలబడ్డాడు. "మా అమ్మ జోలికి రాకు! మెట్లు తుడిచి, మోకాళ్లు అరగదీసుకుని పంపిన డబ్బది!" అని అరిచాడు. అరిచాక తన మాట తనకే వినపడినట్టుంది, కూలబడి ముఖం కప్పుకుని ఏడ్చాడు. ఇన్నేళ్లలో ఆయన ఏడవగా నేను చూడలేదు. చెదోమిర్ మాస్టారు తన చేతిరుమాలు తీసి అందించాడు.

అక్కడే డాక్టర్‌తో చెప్పేశాను, ఇక ఆ కుర్చీలో నేను కూర్చోనని. ఆయన నాతో ఎన్ని నిజాలు చెప్పినా, మీతో కలిసి ఒక అబద్ధం దాచుకోగలిగినంత కాలం ఈ వైద్యం సాగదు. దాచిపెట్టి ఇచ్చినవారే వచ్చి కూర్చోవాలి. డాక్టర్ సరేనంది. మీ రక్తపోటు సంగతి అడిగాను, మాత్రలు తెచ్చుకోమంది.

నిన్న గిన్నెలు తుడుస్తూ, "అమ్మ వస్తుందంటావా?" అని అడిగాడు. దానికి జవాబు చెప్పాల్సింది నేను కాదు. వచ్చే గురువారం సాయంత్రం మీ అబ్బాయి ఆ తలుపు దగ్గరికి వెళ్తాడు. పక్కన మీరు లేకపోతే లోపలికి రానివ్వరు. అక్కణ్ణించి వెనక్కి తిరిగి ఎటు నడుస్తాడో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇట్లు,
ఇప్పటికీ మీ కోడలే అయిన
దెసాంక